బజార్లో అన్నం పెట్టకూడదన్న ఏడాది

డెబ్బైల చివర్లో ఒక వానాకాలం, మా ఊళ్ళో వాంతులూ భేదులూ పట్టుకున్నాయి. మునిసిపాలిటీ వాళ్ళు టముకు వేయించారు. బస్టాండులోనూ మార్కెట్టులోనూ ఇల్లూ వాకిలీ లేనివాళ్ళకి ఎవరూ వండిన అన్నం పెట్టకూడదట. పెడితే కేసట. కాలవలో మురుగు తీయించడం చేతకాక బీదవాళ్ళ ముద్ద మీద పడ్డారని నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా నోరు మూసుకున్నాను. మావారు ఆ ఆఫీసులోనే శానిటరీ మేస్త్రి. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆ కాగితం శానిటరీ ఇనస్పెక్టరుగారి సంతకం కోసం ఆగి ఉంది.

మా అత్తగారు ఎసట్లో బియ్యం పోసేముందు పూటకో పిడికెడు తీసి చర్చి కోసం వేరే కుండలో వేసేవారు. మా క్రైస్తవుల ఇళ్ళల్లో అందరూ చేసేదే. ఆవిడ మాత్రం పాస్టరుగారికి ముందే చెప్పి, పొద్దుటి పిడికెడుకి మరో రెండు కలిపి వండి, మార్కెట్టు షెడ్డులో ఉండే ఒక ముసలావిడకి పంపేవారు. ముక్తేశ్వరం అవతల లంకలో ఆ ముసలావిడ ఇల్లు గోదావరి కోసుకుపోయింది. ఆవిడ రోజంతటికీ తినేది ఆ ఒక్క పూటే. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, అందుకని పాఠాలు చెప్పడానికి బడికెళ్ళే దారిలో క్యారేజీ ఇచ్చేది నేనే. ఇస్తూ మావారి ఉద్యోగం సంగతీ, ఇంటి సంగతులూ ఆవిడతో చెప్పుకునేదాన్ని.

టముకు విన్న మర్నాడు మావారు వాళ్ళమ్మతో, "నాలుగు రోజులు ఆపమ్మా" అన్నారు.

"దేవుడికి తీసిన బియ్యంరా అది. ఆపమనడానికి మీ ఆఫీసెవరు?" అంటూ ఆవిడ క్యారేజీ నా చేతిలో పెట్టేశారు. మావారు నావంక చూశారు. వెళ్ళొద్దని అనలేదు. నేను వెళ్ళాను.

ముసలావిడ మొదటి ముద్ద కలుపుతుండగా ఇనస్పెక్టరుగారు షెడ్డులోకి వచ్చేశారు. వెనకాల ఫినాయిలు డబ్బాతో మావారు. నేను గబుక్కున కూరగాయల కొట్టు చాటుకి తప్పుకున్నాను. అప్పుడు తట్టింది నాకు. ఆ క్యారేజీ మా పెళ్ళికి వచ్చింది. దాని మీద మావారి పేరు ఇంటిపేరుతో సహా చెక్కించి ఉంది. ఇంకో గిన్నెలో పెడదామన్న ఆలోచనే మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

"ఎవరిచ్చేరే నీకిది?" అని ఇనస్పెక్టరు గద్దించారు.

ముసలావిడ నావైపు కన్నెత్తి కూడా చూడలేదు. "ఎవరో దారినపోయేవోరండి. మొహం చూళ్ళేదండి, ఆయ్."

"ఆ గిన్నె ఇలా పట్రావయ్యా."

మావారు వంగి గిన్నె తీసి, పేరున్న వైపు పొట్టకి ఆనించుకున్నారు. "ముట్టుకోకండి సార్, రోగం సరుకు" అంటూ, ఇనస్పెక్టరు చెయ్యి చాపేలోగా డబ్బా వంచేశారు. వాళ్ళమ్మ వండిన అన్నం మీద, వంకాయకూర మీద ఫినాయిలు. ఆ ఘాటుకి ఇనస్పెక్టరు ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని బయటికి నడిచారు.

మావారు మాత్రం కదల్లేకపోయారు. ముసలావిడ చెయ్యి చీరకి తుడుచుకుంటూ, "పర్లేదు బాబూ. అమ్మగారికి మాత్రం చెప్పకండి, బాధపడతారు" అంది.

ఆ రోజంతా నేను ఆయనతో మాట్లాడలేదు. నిజానికి నా మీద నాకే కోపం. కొట్టు చాటున నక్కినదాన్ని, ఆయన్ని ఏ మొహం పెట్టుకుని అడగను? అత్తగారికి మేమిద్దరం ఏమీ చెప్పలేదు.

మర్నాడు సత్తుగిన్నెలో అన్నం పట్టుకెళ్ళాను. ముసలావిడ చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"వద్దండి టీచరమ్మగారూ. అబ్బాయిగారి ఉద్యోగం ఖాయమవ్వనివ్వండి. అందాకా నేను తిననండి."

ఎంత బతిమాలినా ముట్టలేదు. ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజు వెళ్ళేసరికి షెడ్డులో ఆవిడ లేదు. ఎటు వెళ్ళిందో చూసినవాళ్ళూ లేరు.

ఆ నెలాఖరుకి మావారి కాగితం మీద సంతకం పడింది. అప్పటికే ఆ ఆర్డరుని ఊళ్ళో సగంమంది లెక్కచెయ్యడం మానేశారు. దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది ఆవిడొక్కతే, మా కోసం.