కొత్తపేటలో సముద్రపు గడ్డి

త్రినాథరావు సారుతో ఏ మాట మొదలుపెట్టినా సముద్రపు గడ్డి దగ్గరకు వచ్చి ఆగేది. ఉల్లిగడ్డల ధర అడిగినా, కరెంటు ఎప్పుడొస్తుందని అడిగినా దారి అదే. కాకినాడ దగ్గర సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో వృక్షశాస్త్రం చెబుతూ, కొత్తపేటలో మా ఇంటి పైభాగంలో కిరాయికి ఉండేవారు. సముద్రం లేని ఊళ్లో సముద్రపు గడ్డి గురించి వినే కర్మ మాకు అలా పట్టింది.

దాన్ని నాచు అంటే మాత్రం ఊరుకునేవారు కాదు. "నాచు కాదండీ. వేళ్లున్న మొక్క. నీళ్లలోనే పూలు పూస్తుంది" అని మొదటినుంచీ మళ్లీ చెప్పేవారు. రైతుబజారులో కొత్తిమీర అమ్మే సైదమ్మ ఈ సంగతి తెలియక ఒకసారి నోరు జారింది.

"నాచుకు గూడ ఏర్లుంటయా సారూ?"

సారు ఆమె చేతిలోని కట్ట తీసుకుని, వేళ్లు విడదీసి, ఇవి ఇసుకను ఎలా పట్టుకుంటాయో చెప్పడం మొదలుపెట్టారు. వెనక జనం పేరుకుపోయారు. "సారూ, కట్ట ఊకెనే తీస్కపోండ్రి. నా బేరం పోతున్నది" అని సైదమ్మ బతిమాలింది.

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె జరిగిన రోజుల్లో ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, వండి, అక్కడే కూర్చుని తినడం ఆనాటి నిరసన. మా అన్న ధనరాజ్ వడ్డిస్తున్నాడు. కోచింగ్ మూతపడి తోచక అటు నడిచిన సారు, ఎవరో భోజనాలు పెడుతున్నారనుకుని బంతిలో కూర్చున్నారు.

"ఏ ఊరు సార్ మీది?" అని పక్కనున్నాయన అడిగాడు.

"కాకినాడ దగ్గరండీ" అన్నారు సారు పప్పు కలుపుకుంటూ.

బంతి మొత్తం తలెత్తి చూసింది. అన్న చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఇప్పుడు మా వీధే లేదు లెండి, సముద్రంలో కలిసిపోయింది. ముందు నీళ్లలో కాస్త గడ్డి ఉండుంటేనా..." అని సారు అందుకున్నారు. మజ్జిగ వచ్చేసరికి చుట్టుపక్కల వాళ్లు విస్తళ్లు పట్టుకుని వేరే బంతికి మారిపోయారు. అన్న ఆయన్ను బండెక్కించి ఇంటికి తెచ్చాడు.

"ఎవ్వలన్న ఏమన్న అన్నరా?" అని అమ్మ అడిగింది.

"అననిస్తే గద" అన్నాడు అన్న.

ఆ రోజుల్లోనే మా ఇంట్లోనూ రాజుకుంది. మా వెనక భాగంలో కిరాయికుండే ప్రసన్నకుమార్‌ది గుంటూరు వైపు. ఆయన తల్లి వెంకాయమ్మ గారు లేకుండా మా అమ్మ టీ తాగేది కాదు. బస్సులు లేక ఆఫీసుకు నడిచి నడిచి విసిగిపోయిన ప్రసన్నకుమార్, ఒక సాయంత్రం వాకిట్లో "మీ సమ్మెకో దణ్ణం" అన్నాడు. అన్న లేచాడు. మాటా మాటా పెరిగింది. ఇల్లు ఖాళీ చెయ్యమనే మాట ఒక్కసారి అన్న నోటి వెంట వస్తే దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి వల్లా కాదు. అమ్మ భయం అదే. ఆమె గబగబా మెట్లెక్కి సారు దగ్గరకు పోయింది.

"గంత నచ్చకుంటే..." అని అన్న అంటుండగానే, బట్టలు నానబెట్టే టబ్బుతో సారు దిగారు.

"ఇద్దరూ ఉన్నారు, మంచిదైంది. ఇది చెరో పక్కా పట్టుకోండి బాబూ. కదపకూడదు."

పెద్దాయన చెబితే కాదనలేక ఇద్దరూ పట్టుకున్నారు. సారు టబ్బులో నీళ్లు పోసి, ఒక వైపు ఇసుక గట్టులా పేర్చి, నన్ను పళ్లెంతో అలలు కొట్టమన్నారు. గట్టు కరిగిపోయింది. మళ్లీ పేర్చి, దాని ముందు కొత్తిమీర వరుసగా నాటించి, మళ్లీ కొట్టమన్నారు. ఈసారి గట్టు చాలావరకు నిలిచింది.

"చూశారా, ఆకులు అలతో పోట్లాడవు. వంగి దాని జోరు తగ్గిస్తాయి. జోరు తగ్గితే నీళ్లలో తేలే ఒండ్రు కిందికి దిగుతుంది. సముద్రపు గడ్డికైతే ఇసుక కింద పాకే కాండాలుంటాయి, అవీ వేళ్లూ అల్లుకుని నేలను పట్టుకుంటాయి. అలను ఎవరూ ఆపలేరండీ. ఒడ్డు మిగిలితే చాలు."

"ఆ నాచు..." అని ప్రసన్నకుమార్ ఏదో అనబోయాడు.

"నాచు అనకు అన్నా, మళ్ల మొదలుపెడ్తడు" అన్నాడు మా అన్న గాబరాగా. "చేతులు గుంజుతున్నయి. జర నువ్వే చెప్పు, ఇడిచిపెట్టుమని."

"నేనేం చెప్తాను ధనరాజ్? ఇంటి ఓనరువి నువ్వు."

అప్పటికే సారు "నాచు కాదండీ" అని అందుకున్నారు. ఇద్దరూ ఒకేసారి టబ్బు దించేసి, తడిసిన చొక్కాలతో గేటు దాటి, కలిసే టీకొట్టుకు పారిపోయారు. ఖాళీ చెయ్యమనే మాట ఆ రోజు బయటికి రాలేదు. తరవాతా రాలేదు.

రాష్ట్రం వచ్చాక, ఒక ఆదివారం డాబా మీద సారు పేపరు చదువుకుంటున్నారు. ఎందుకో ఆ గడ్డి మాట విని చాలాకాలమైనట్టు అనిపించింది.

"సార్, సముద్రపు గడ్డి గురించి ఏమన్న చెప్పుండ్రి" అన్నాను.

ఆయన పిట్టగోడ మీంచి కిందికి తొంగి చూశారు. వాకిట్లో అమ్మా వెంకాయమ్మ గారూ చింతపండు గింజలు తీస్తున్నారు.

"ఇప్పుడెందుకు తమ్ముడూ? అందరూ బాగానే ఉన్నారుగా" అని మళ్లీ పేపరులోకి వెళ్లిపోయారు.

ఇన్నేళ్లూ ఈయనకు పిచ్చి అనుకున్న నా తెలివికి నాకే నవ్వొచ్చింది. ఆయన మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. అంతలో గేటు దగ్గర అన్నా ప్రసన్నకుమారూ బండి ఎక్కడ పెట్టాలనే దాని మీద గొంతులు పెంచారు. సారు పేపరు మడిచి లేచారు. కింది నుంచి మా అమ్మ కేక వినిపించింది.

"సారూ, జర కిందికి రాండ్రి. టబ్బు నింపిన."