ఎకరం ముప్పై

చుక్కల పటం తెరిచే ముందు సిరీష చున్నీ కొసతో కంప్యూటర్ తెర తుడుస్తుంది. దుమ్ము కూడా చుక్కలాగే కనిపిస్తుంది. రోజుకు పదిసార్లయినా తుడుస్తుంది.

2003. బాన్సువాడలో విత్తనాల కంపెనీ ఆఫీసు. రెండు గదులు, ఒక కంప్యూటర్. సిరీష వాళ్ల తాత కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలం కొన్నాడు. ఆమె ఇక్కడే పుట్టింది. ఇంట్లో మాట మాత్రం ఇంకా అటువైపుదే, కొలతలూ అటువైపువే.

కంపెనీకి విత్తన వడ్లు పండించే రైతులు కాగితం రాసిస్తారు. సిరీష ఒక వరసలో పొలం, ఇంకో వరసలో దిగుబడి ఎక్కిస్తుంది. పొలం అడ్డంగా, దిగుబడి నిలువుగా అని సాఫ్ట్‌వేర్‌కు చెబుతుంది. ఒక్కో రైతుకు ఒక్కో చుక్క. చుక్కలన్నీ ఏటవాలుగా పైకి వెళతాయి. ఆ పని ఆమెకు ఇష్టం.

ఆరోజు ఒక చుక్క వరస వదిలి పైన నిలిచింది. పెద్ద కొడప్‌గల్ ఊరి ముత్తెన్నది. పొలం 1.30. వడ్లు నలభై రెండు క్వింటాళ్లు.

మేనేజర్ జగన్మోహనరావు వంగి చూశాడు. "ఎకరం ముప్పైకి ముప్పై ఒకటి దాటవు. వేరే వడ్లు కలిపాడు. సరుకు వెనక్కి పంపించు. వచ్చే పంటకి పేరు కొట్టెయ్."

ముత్తెన్న బయట ట్రాక్టర్ దగ్గరే ఉన్నాడు. మాట విని లోపలికొచ్చాడు.

"కలిపిననా? నేనా? పొల్లు గింజ గూడ ఏరిన సారూ!"

"మరి ఇన్ని ఎట్లా వచ్చాయి తాతా?" అంది సిరీష.

"తాతనా? నోట్లె పండ్లన్నీ గట్టిగున్నయి బిడ్డా. ఎకరం ముప్పై గుంటలకు గన్ని రావా ఏంది?"

సిరీష చేయి ఆగింది. ఇంట్లో ఎకరానికి వంద సెంట్లు. ఈయనకు నలభై గుంటలు. ముప్పై గుంటలంటే ముక్కాలు ఎకరం. తను ముప్పై సెంట్లనుకుంది.

1.30 చెరిపి 1.75 కొట్టింది. చుక్క పక్కకు జరిగి వరసలో కూర్చుంది.

"తప్పు నాది సార్. ఈయన సరిగ్గానే రాశాడు."

రావు మళ్లీ వంగి తెర చూశాడు. "సరే, బస్తాలు దింపించు. పేరు ఉండనీ."

ముత్తెన్న తెర దగ్గరికొచ్చాడు. "గా చుక్క నేనేనా?"

"నువ్వే."

"గింత సన్నగున్నన? ఊర్ల చూపియ్యకు, బువ్వ పెడ్తలేదని మా ఇంటామె పోసవ్వను అందరు తిడ్తరు."

రావు కూడా నవ్వాడు.

ముత్తెన్న వెళ్లాక సిరీష మిగతా కాగితాలు తీసింది. 3.10, 2.05. సెంట్లయినా గుంటలయినా ఇవి వరసకు దగ్గరే పడతాయి. అందుకే కంటపడలేదు. ఎవరు ఏ లెక్కలో రాశారో కాగితం చెప్పదు. అలాంటివి పద్దెనిమిది ఉన్నాయి. వాటిని విడిగా కట్టి సంచిలో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున ఆఫీసుకు వెళ్లలేదు. మొదటి బస్సెక్కి పిట్లం వైపు వెళ్లింది. ఊరూరా దిగి, ఇంటింటా ఒకటే అడిగి, ప్రతి అంకె పక్కన గుంటలో సెంట్లో రాసుకుంది.