ఆయన కలిపే నిమ్మకాయ షర్బత్

మా ఇంట్లో నిమ్మకాయ షర్బత్ కలిపేది మా ఆయనే. ఇస్నాపూర్‌లో కిరాయికి దిగిన కొత్తలోనే వంట నాది, షర్బత్ ఆయనది అనుకున్నాం. కాయను గచ్చు మీద అరచేత్తో దొర్లించి మెత్తబరిచి, గింజ నలగకుండా పిండేవాడు. చక్కెర కరిగాక నల్ల ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి. పుదీనాకు కత్తి తగలనిచ్చేవాడు కాదు. ఆకులను రెండు చేతుల మధ్య ఒక్కసారి చరిచి వేసేవాడు. సంతలో కాయ తొక్కను గోటితో గీరి వాసన చూడందే కొనేవాడు కాదు.

ఆయనది మందుల కంపెనీలో రసాయనాల పీపాలు ఖాళీ చేసే పని. తొమ్మిదేళ్లు చేశాడు.

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం మా ఆడబిడ్డ, ఆమె భర్త బొంతపల్లి గుడికి వెళ్లి వస్తూ మా ఇంటికొచ్చారు. ఆయన సంబరంగా షర్బత్ కలిపి ఇచ్చాడు. ఆడబిడ్డ గ్లాసు నోటి దాకా తెచ్చి ఆగి, భర్త వైపు చూసింది. ఇద్దరూ గ్లాసులు కింద పెట్టి, దారిలో కొబ్బరినీళ్లు తాగామన్నారు. ఆయన మాత్రం తన గ్లాసు గటగటా తాగి, ఉప్పు సరిపోయిందా అని అడిగాడు.

నేను గ్లాసు ఎత్తగానే మందుల కంపు గుప్పుమంది. బోరునీళ్లు. కంపెనీల రసాయనాలు భూమిలోకి ఇంకి, మా గల్లీలో ఆ నీళ్లు ఎవరూ నోట్లో పోసుకోరు. బట్టలకీ గిన్నెలకీ వాడతాం, అంతే. బోరునీళ్ల డబ్బా, తాగేనీళ్ల డబ్బా పక్కపక్కనే ఉంటాయి. ఒక్కలాగే కనిపించినా, మూత తీస్తే ఏది ఏదో ఎవరికైనా తెలుస్తుంది.

వాళ్లు వెళ్లాక, బోరునీళ్లు ఎట్లా కలిపావని ఆయన్ని అడిగాను.

"దసరా అప్పటిసంది ఏ వాసనా వస్తలేదు" అన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే దవాఖానకు పోదామంటవు. కంపెనీల తెలిస్తే పనికెల్లి తీసేస్తరు."

అన్ని నెలలూ పుదీనా చరుస్తూనే ఉన్నాడు. నాకు అనుమానం రాకుండా నిమ్మకాయ గీరి ముక్కు దగ్గర పెట్టుకుంటూనే ఉన్నాడు. కూర వాసన బాగుందని మెచ్చుకున్నవన్నీ ఉత్తుత్తి మాటలేనని అప్పుడు తెలిసింది. కోపం రాలేదు. షర్బత్‌ను మోరీలో పారబోస్తుంటే ఏడుపొచ్చింది.

సంగారెడ్డిలో ముక్కు డాక్టరు రెండు నెలలు మందులు వాడించాడు. వాసన తిరిగి రావడం కష్టమేనని, ముందు ఆ పని మానేయమని చెప్పాడు. మానేశాడు. ఇప్పుడు సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు ప్యాక్ చేసే పనికి వెళ్తున్నాడు. వాసన మాత్రం రాలేదు.

ఈ ఎండాకాలం ఆయన షర్బత్ జోలికి పోలేదు. నేనే కలిపాను. తీపి, పులుపు నాలుకకు తెలుస్తాయట. ఆ పులుపు నిమ్మకాయదో చింతపండుదో తెలియదట. అల్లం దంచి వేస్తే గొంతులో మంటైనా తెలుస్తుందని, జెర ఎక్కువే వేయమన్నాడు. వేశాను. ఆ ఘాటుకు నేను ఒక్క గుక్క కూడా తాగలేకపోయాను. ఆయన రెండు గ్లాసులు తాగి డ్యూటీకి వెళ్లిపోయాడు.