చేప పంపిన మెయిలు

ఫిన్లాండులోని ఔలు పట్టణంలో ఒక చేప పెద్దాఫీసుకు మెయిలు పంపి, ఫోన్ల కార్ఖానాలో ఒక విభాగం మొత్తాన్ని మూతపడకుండా నిలబెట్టింది. అబద్ధమాడితే నాలుక మీద మిరియం గింజ పెట్టే సిస్టర్ల దగ్గర చదువుకున్నవాణ్ణి కాబట్టి కొంచెం సరిచేస్తాను. మెయిలు రాసింది చేప కాదు, తౌనో. చేప పంపింది, అంతే.

కొత్త ఫోన్లు వాడి చూసి మంచీచెడూ చెప్పడం తౌనో ఉద్యోగం. ఏ ఫోన్ ఇచ్చినా అతని తీర్పు ఒకే తీరున మొదలయ్యేది: "పర్వాలేదు, కానీ". ఆ 'కానీ' తర్వాత ఏముందో చూసే కంపెనీ ఫోన్‌ను మార్చేది, లేదా మూలన పడేసేది.

ఆ చలికాలం అతని చేతికొచ్చింది వ్యాపారస్తుల కోసం చేసిన ఫోన్. తెరను పైకి తోస్తే అడుగునుంచి కీబోర్డు బయటికొస్తుంది. హెల్సింకీ నుంచి వచ్చిన కొత్త అధికారి ఇల్పోకి అది దండగ అనిపించింది. అందరూ తెర అద్దం మీదే వేలితో రాస్తున్నారు కదా, తౌనో ఒక్క వంక పెట్టినా కీబోర్డు తీసేస్తానన్నాడు. తీసేస్తే దాన్ని బిగించే విభాగమూ పోతుంది. అందులో స్ప్రింగులు బిగించేది తౌనో భార్య సిర్క్కా.

ఆదివారం పొద్దున రొట్టెకు వెన్న రాస్తూ ఆవిడ అడిగింది.

"ఆ ఫోన్ గురించి ఏం రాస్తున్నావ్?"

"ఉన్నది."

"ఉన్నదేంటో?"

"చలికి కిర్రుమంటోంది."

"నీ మోకాళ్ళూ కిర్రుమంటాయి. నిన్నేమన్నా తీసేశానా?"

తౌనో కాఫీ తాగాడు. మొహమాటానికి అబద్ధం రాసే మనిషి కాదు. ఆ సంగతి సిర్క్కాకీ తెలుసు కాబట్టి బతిమాలలేదు; రొట్టె మాత్రం రెండోది ఇవ్వలేదు.

అతను ఫోన్ జేబులో వేసుకుని గడ్డకట్టిన సముద్రం మీదికి నడిచాడు. తొలిచే బర్మాతో మంచుకు రంధ్రం చేసి, గాలం వదిలి, బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. చేతులకు సిర్క్కా అల్లిన ఉన్ని తొడుగులు. అద్దం ఫోన్ అయితే ఆ తొడుగులకు లొంగదు, ముక్కుతో రాసుకోవాలి. ఈ మీటలు మాత్రం తొడుగుల మీంచే నొక్కుడుపడ్డాయి. ఒడిలో ఫోన్ తెరిచాడు. కిర్రుమంది. "పర్వాలేదు" అని కొట్టాడు. 'కానీ' కొట్టబోతుంటే గాలం లాగింది.

పైకి లాగితే అరచేయంత చారల చేప. అది గాలం వదిలించుకుని కీబోర్డు మీద పడి, తోకతో ఒక్కసారి కొట్టింది. మెయిలు వెళ్ళిపోయింది.

సోమవారం ఇల్పో ఫోన్ చేశాడు.

"తౌనో గారూ, మీ మెయిలు అందింది. 'పర్వాలేదు' అని ఉంది."

"ఊఁ."

"'కానీ' లేదు."

తౌనో మాట్లాడలేదు. జరిగింది చెప్తే పిచ్చివాడంటారు, చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఏది నయమో తేలక ఆలోచిస్తూ ఉండిపోయాడు. ఇక్కడివాళ్ళు ఎదుటివాడు మౌనంగా ఉంటే మధ్యలో దూరరు. ఇల్పో కూడా ఫోన్ పట్టుకుని ఓపిగ్గా విన్నాడు. ఇంత సేపు మాట రాలేదంటే ఆ కీబోర్డు పెద్దాయన మనసును ఎంతగా కదిలించి ఉండాలో అనుకున్నాడు.

"అర్థమైందండీ. మీరు ఇంతగా పొగడడం నేనెప్పుడూ వినలేదు. కీబోర్డు ఉంచేస్తున్నాం" అని పెట్టేశాడు.

ఆ సాయంత్రం సిర్క్కా రెండో రొట్టెకు వెన్న రాసి, అడక్కుండానే అతని ముందు పెట్టింది.

మొన్న ఆవిరి గదిలో పక్కపక్కన చెమటలు కక్కుతూ ఊళ్ళో విన్న ఈ కథంతా తౌనోకి వినిపించాను. కాగిన రాళ్ళ మీద నీళ్ళు పోసి, ఆవిరి తగ్గేదాకా ఆగి అన్నాడు:

"చేప సంగతి అబద్ధం. ఆ ఆదివారం నాకు ఒక్క చేపా పడలేదు."