ఆరోగ్యమ్మ అడిగిన ఒక్క వానాకాలం

పోయిన నెల హిమాయత్ సాగర్ దగ్గర ఒక పాత బంగళా మరమ్మతు చూడటానికి వెళ్లాను. మేస్త్రీ నానబెట్టిన సున్నం డ్రమ్ము మూత తీశాడు. చల్లగా, కాస్త ఘాటుగా ఆ వాసన తగలగానే చేతిలోని కాగితాలు పక్కన పెట్టి డ్రమ్ము మీదికి వంగాను. ఆరోగ్యమ్మ చేతులు ఎప్పుడూ ఆ వాసనే వేసేవి.

విమానాశ్రయం తెరిచిన మరుసటి ఏడాది, రోడ్ల పనిలో ఇంజనీరుగా గుంటూరు నుంచి శంషాబాద్ వచ్చాను. ఆదివారాలు పాల్మాకుల దారిలో ఉన్న చిన్న రాతి చర్చికి వెళ్లేవాణ్ని. ఆరోగ్యమ్మను అక్కడే మొదట చూశాను. కాటేదాన్‌లో బిస్కెట్ల ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు పనిచేసి మానుకున్న మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. చిన్నప్పుడు తాపీమేస్త్రీ అయిన తండ్రికి సున్నం కలిపి అందించేదట. ఎవరూ అడగకుండానే చర్చి ఊడ్చేది, కప్పు మీద పగిలిన పెంకులు మార్పించేది.

ఆ చర్చి గోడలు చెమ్మకు ఉబ్బి పెచ్చులు రాలుతుండేవి. కూల్చి కొత్తది కడదామని సంఘపెద్దలు అనుకున్నారు. ఇంజనీరునని నన్ను చూడమన్నారు. ఒక మధ్యాహ్నం చూసి, గోడలు బలం కోల్పోయాయని, ఇక బాగుచేయడం వృథా అని రాశాను. పూజ అయ్యాక ఆ కాగితం అందరి ముందూ చదివాను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. నా గొంతు నాకే గొప్పగా వినిపించింది.

ఆడవాళ్ల వైపు నుంచి ఆరోగ్యమ్మ లేచింది.

“బిడ్డా, నువ్వు చూసింది మీద పూసిన సిమెంటునే గద. గోడను యాడ చూసినవ్?”

ఎవరో నవ్వారు. నా ముఖం మండిపోయింది. ఆమె ఫాదర్ వైపు తిరిగింది.

“ఫాదర్, ఒక్క వానాకాలం ఆగుండ్రి. నేను జేస్త. గోడ ఆరకపోతే ఇగ మీ ఇష్టం.”

ఫాదర్ ఒప్పుకున్నారు. మర్నాటి నుంచే ఆమె మూతికి కొంగు చుట్టుకుని, ఉలి, సుత్తి పట్టుకుని, చెమ్మను బయటికి పోనివ్వని సిమెంటు పూతను ఊడగొట్టడం మొదలుపెట్టింది. నిజం చెప్పాలంటే, ఆమె ఓడిపోతే చూడాలనే మొదట వెళ్లాను.

“నిలబడి ఏం జేస్తవ్? గీ ఉలి వట్టు” అంది.

పట్టాను. సిమెంటు కింద రాళ్లు పట్టుగా ఉన్నాయి. వాటి మధ్య సున్నంలో చాకు మొన కూడా దిగలేదు. వానలు పడ్డా మూడు గోడలు మెల్లగా ఆరసాగాయి. రోడ్డు వైపు గోడ మాత్రం ఆరలేదు. అది చూసి లోలోపల సంతోషించాను. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక ఉదయం, సన్నగా చినుకు పడుతుండగా, ఆమె నన్ను ఆ గోడ వెనక్కి తీసుకెళ్లింది. గోడకు ఆనుకుని నడుమెత్తు మట్టికుప్ప ఉంది. నీళ్లు పోయే దారిలేక అక్కడే నిలిచి గోడలోకి ఇంకుతున్నాయి. ఆ మట్టి మా లారీలు పోసిందే. రోడ్డు పని మొదట్లో, అక్కడ పోయమని చేయి చూపించింది నేనే.

“మీకు ముందే తెలుసా?” అని అడిగాను.

“ఎర్కనే.”

“మరి ఆ రోజు అందరిలో ఎందుకు చెప్పలేదు?”

“నీ నౌకరికి పరేషాన్ అయితదేమోనని. నువ్వే జూస్తవని ఆగిన.”

సంఘంలోని కొందరు పారలు తెచ్చారు. అందరం కలిసి మట్టి తీశాం, కాలువ తవ్వాం. కొన్ని వారాలకు ఆ గోడ కూడా ఆరి లేత రంగుకు తిరిగింది. నా తప్పు ఫాదర్‌కు విడిగా చెబుతానన్నాను. ఆరోగ్యమ్మ తల అడ్డంగా ఊపింది.

“చాటుకెందుకు? కాగితం అందరి ముందర సదివినవ్. గిది గూడ ఆడ్నే చెప్పాలె.”

ఆ ఆదివారం నిలబడి, నేను రాసింది తప్పని, ఆ మట్టి మేం పోసిందేనని చెప్పాను. చర్చిని కూల్చే మాట మళ్లీ రాలేదు.

తర్వాత మూడేళ్లకు పైగా, కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ పోసి కలిపిన సున్నంతో ఆమె ఒక్కో గోడకూ పూత వేయిస్తూ వచ్చింది. ఆదివారాలు నేను ఆమె కింద కూలీని. ఆమెకు దగ్గు పట్టుకుంది, అది ఏడాదికేడాది పెరిగింది. దవాఖానలో చివరిసారి చూసినప్పుడు, “పూత మీద గోనెసంచులు ఆరనియ్యకుండ్రి” అని మాత్రం అంది. ఆమెను సమాధి చేసిన రోజు మూడు గోడలు తెల్లగా ఉన్నాయి, నాలుగోదానికి ఇంకా రాళ్లు కనిపిస్తున్నాయి. ఆ నెలలోనే దాన్నీ పూర్తి చేశాం. పూత పగుళ్లివ్వకుండా పూటపూటా దాని మీది సంచులు తడిపాం.

నిరుడు బంధువుల ఇంట్లో, అబద్ధం చెప్పావని మా అమ్మాయిని పదిమందిలో కసిరాను. తిరుగు దారిలో, అది చెప్పింది నిజమేనని తెలిసింది. కారులోనే క్షమించమంటే సరిపోయేది, అదీ ఊరుకునేది. కారు వెనక్కి తిప్పాను. భోజనాలు ఇంకా ముగియలేదు. అదే గదిలో, అదే మనుషుల ముందు, తప్పు నాదని చెప్పాను. మా అమ్మాయి వచ్చి నా పక్కన నిలబడింది.