దేనికీ కలపని నాబ్

కోవిడ్ రెండో లాక్‌డౌన్ ఎత్తేసిన వానాకాలంలో నేను పటాన్‌చెరులోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ట్రైనీ సౌండ్ ప్రోగ్రామర్‌గా చేరాను. ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లకు ఇలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు. కంపెనీ అంటే ఒక లేత్ షాపు పైన రెండు గదులు. కింద లేత్ తిరుగుతున్నంతసేపు పైన మాకు ఏమీ వినపడేది కాదు. వాళ్లు చాయ్‌కి వెళ్లినప్పుడు మా అసలు పని మొదలయ్యేది. పాప పుట్టకముందే ఆ ఉద్యోగం మానేశాను. ఆ పనేమిటని ఇప్పటికీ చుట్టాలు అడుగుతుంటారు కనుక ఒక సంగతి రాస్తున్నాను.

మాకు రెండు రకాల కస్టమర్లు. ఒకరు సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాలు తయారుచేసేవాళ్లు. వాళ్ల మిషన్లకు బీప్ శబ్దాలు కావాలి. రెండోవాళ్లు పెళ్లిళ్లకూ బోనాలకూ కీబోర్డు వాయించే పార్టీలు. వాళ్లకు వాయిద్యాలు కావాలి. ఈ వాయిద్యాలను మేం రికార్డు చేసేవాళ్లం కాదు, కంప్యూటర్‌లో లెక్కలతో పుట్టించేవాళ్లం. నాకు మొదటిసారి ఇచ్చిన వాయిద్యం జమిడిక. ఎల్లమ్మ కథ చెప్పేవాళ్లు చంకలో ఇరికించుకుని తంతి మీటుతారే, అది. మీటితే మోగేదే అయినా, వినడానికి డప్పు మీద దెబ్బలా ఉంటుంది.

ఇలాంటి శబ్దంలో స్వరం కంటే ముఖ్యమైనది, అది ఎంత వేగంగా లేచి ఎలా పడిపోతుందనేది. ఆ ఆకారాన్ని మా పనిలో ఎన్వలప్ అంటారు. దానికి నాలుగు భాగాలు, ఒక్కోదాన్ని పెంచి తగ్గించడానికి స్క్రీన్ మీద తిప్పే నాబ్ ఒకటి. శబ్దం సున్నా నుంచి పైకి లేవడం అటాక్. అక్కడి నుంచి జారడం డికే. వేలు కీబోర్డు మీట మీద ఉన్నంతసేపు ఒక మట్టాన నిలబడటం సస్టెయిన్. వేలు తీశాక ఆరిపోవడం రిలీజ్. సుల్తాన్‌పూర్‌వాళ్లకు రాసే మెయిళ్లలో మాత్రం ఈ మాటలు వాడొద్దని మాకు ఆజ్ఞ. ఒకసారి "అటాక్ బాగా తగ్గింది" అని రాస్తే, ఏ పేషెంటుకని అక్కడి నుంచి ఫోనొచ్చింది.

జమిడికకు అటాక్ రెండు మిల్లీసెకన్లు పెట్టాను. పూర్తిగా సున్నా పెడితే స్పీకరు ఉలిక్కిపడి టిక్కుమంటుంది. ఎక్కువ పెడితే తంతిని మీటినట్టు కాక నిమిరినట్టు ఉంటుంది. డికే గీతలా తిన్నగా దిగకూడదు. వేడి చాయ్ చల్లారినట్టు మొదట గబగబా, తర్వాత నిదానంగా దిగాలి. రిలీజ్‌ను కూడా డికే అంతే ఉంచాను, లేకపోతే వేలు తీయగానే ఎవరో గొంతు నొక్కినట్టు మోత ఆగిపోతుంది. ఇక సస్టెయిన్. హార్మోనియంకు అది ఉంటుంది, మీటే వాయిద్యానికి ఉండదు. ఎవరైనా పెంచితే జమిడిక హార్మోనియం అయి కూర్చుంటుంది. అందుకని దాన్ని సున్నా దగ్గర ఆపి, ఆ నాబ్‌ను ప్రోగ్రాంలో దేనికీ కలపలేదు.

స్క్రీన్ బొమ్మలు గీసేది ఫర్హానా. పటాన్‌చెరు పిల్లే, నా కంటే ఏడాది సీనియర్. ఆ సస్టెయిన్ నాబ్ తీసేయమని చెప్తే ఒప్పుకోలేదు.

"మూడే పెడ్తే మూడు కాళ్ల కుర్చీ లెక్క ఉంటది స్వాతీ. ఉండనియ్యి, నీ అన్నం తింటదా?" అంది.

పేర్లు తెలుగులో ఉండాలని కస్టమర్ కోరిక. దెబ్బ, జారుడు, విడుపు అని మూడింటికీ నేనే చెప్పాను. సస్టెయిన్‌కు "నిలుపు" అన్నాను. ఫర్హానా నవ్వుకుంటూ అక్కడ "దమ్" అని రాసింది. ఊపిరి బిగబట్టడం కూడా దమ్మే కదా అని ఆమె వాదన. అసలు కారణం మాత్రం ప్రభాకర్ సార్.

ప్రభాకర్ సార్ మా యజమాని, మా శబ్దాలను పాస్ చేసే అధికారి కూడా. మనిషి మంచివాడు. కానీ ఏ శబ్దం వినిపించినా కళ్లు మూసుకుని విని, "మంచిగనే ఉన్నది గని దమ్ లేదమ్మా" అని తిప్పి పంపేవాడు. దమ్ అంటే ఏమిటో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. గట్టిదనమా అని వాల్యూమ్ పెంచితే "అరుస్తున్నది" అనేవాడు. మోత ఎక్కువసేపు ఉండాలేమో అని డికే పెంచితే "సాగుతున్నది" అనేవాడు. ఆ నెలాఖరుకు నా ఏడాది ప్రొబేషన్ అయిపోతుంది. నేను చేసిన వాయిద్యాన్ని ఒక కస్టమర్ అయినా ఒప్పుకుంటేనే పర్మనెంట్, లేకపోతే ఇంటికి. జమిడిక అప్పటికే సార్ దగ్గరి నుంచి ఎన్నోసార్లు వెనక్కి వచ్చింది.

ఆ రోజు స్క్రీన్ మీద "దమ్" అన్న మాట చూసి సార్ ముఖం వెలిగిపోయింది. ఏమీ అడగకుండా నాబ్‌ను సగం దాకా తిప్పి, మీట నొక్కి విన్నాడు. ఇంకాస్త తిప్పాడు. మళ్లీ విన్నాడు.

"గిది. గిన్నొద్దులు గిదే అడుగుతున్న మిమ్మల్ని" అన్నాడు.

నేను నోరు తెరిచాను. ఫర్హానా బల్ల కింద నా కాలు తొక్కింది. నిన్నటి శబ్దానికీ దానికీ వెంట్రుకంత తేడా లేదు.

మర్నాడు కస్టమర్ వచ్చాడు. మల్లేశం, రుద్రారంలో కీబోర్డు పార్టీ నడుపుతాడు. అందరికీ మల్లేశన్నే. బోనాలు దగ్గరపడ్డాయి కనుక తొందరలో ఉన్నాడు. తన కీబోర్డును మా కంప్యూటర్‌కు కలుపుకుని ఒక వరుస వాయించి, బాగానే ఉంది మేడం అన్నాడు. అక్కడితో ఆగితే నా ఉద్యోగం ఖాయమయ్యేది. సార్ ఆగనివ్వలేదు.

"ఆగు మల్లేశన్నా. అసలు ముచ్చట ఇంకా సూపియ్యలే" అని దమ్ నాబ్‌ను నిండా తిప్పి మీట నొక్కాడు. మల్లేశన్న తల పక్కకు వంచి విన్నాడు.

"ఏం ఫరక్ లేదు గద సార్."

"గదేంది? సక్కగ ఇను."

"ఇన్న సార్. తిప్పకముందు గట్లనే ఉన్నది, తిప్పినంక గట్లనే ఉన్నది."

ఫర్హానా ఉన్నట్టుండి పక్క గదిలో ఏదో మరిచిపోయినట్టు లేచి వెళ్లిపోయింది. సార్‌కు పౌరుషం వచ్చింది. ఇరవై ఏళ్లుగా శబ్దాల్లోనే బతుకుతున్నాననీ, డీజే బాక్సుల ముందు నిలబడి నిలబడి మల్లేశన్న చెవులు మందగించాయనీ అన్నాడు. తన చెవులు బాగానే ఉన్నాయనీ, నాబే ఖరాబైందనీ మల్లేశన్న అన్నాడు. నేను చేసిన దానికోసం నేను కూడా అంత గట్టిగా వాదించేదాన్ని కాదు. చివరికి సార్ నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మా. చేసినదానివి నువ్వే. ఫరకున్నదా లేదా?"

ఉందంటే అబద్ధం. లేదంటే, దేనికీ కలపని నాబ్‌ను కస్టమర్ ముందు పెట్టిన ట్రైనీని నేనే. కింద లేత్ మళ్లీ మొదలైతే బాగుండుననుకున్నాను. అది మొదలుకాలేదు.

"ఒకరు తిప్పితే ఇంకొకరికి తెల్వది సార్. మల్లేశన్ననే తిప్పుకొని వాయించి చూడమనండి" అన్నాను.

మల్లేశన్న నాబ్‌ను మొదట వెనక్కి, తర్వాత నిండా ముందుకు తిప్పాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఈసారి ఆయన భుజాలు కదిలాయి, వేళ్లు మీటల మీద గట్టిగా పడ్డాయి. కీబోర్డు మీట ఎంత వేగంగా కిందికి దిగితే శబ్దం అంత బలంగా, పదునుగా వచ్చేలా నేను ముందే కట్టి ఉంచాను. దాన్ని మా పనిలో వెలాసిటీ అంటారు. గదిలో నిజంగానే జమిడిక మోగింది.

"ఆఁ... ఇప్పుడొచ్చింది సార్" అన్నాడు కొంచెం సిగ్గుపడి. "నేనే జెర సక్కగ ఇనలే."

సార్ పెద్దమనసుతో క్షమించాడు. ఆ వారంలోనే నాకు పర్మనెంట్ లెటర్ ఇచ్చారు.

బోనాలు అయ్యాక ఇంకో నాలుగు కీబోర్డు పార్టీలు జమిడిక తీసుకున్నాయి. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ దమ్ నాబ్‌ను మెచ్చుకున్నారు. నాకు భయం పట్టుకుంది. ఎవరో ఒకరు ప్రోగ్రాం విప్పి చూస్తారని, అందులో నా పేరు ఉంటుందని నిద్ర పట్టేది కాదు. అందుకే తర్వాతి వెర్షన్‌లో ఎవరికీ చెప్పకుండా దమ్‌ను డికేకు కలిపాను. నాబ్ తిప్పితే మోత నిజంగానే పొడవయ్యేది. ఇక నా మీద మాట పడదనుకున్నాను.

నాలుగు రోజులకు మల్లేశన్న ఫోన్ చేశాడు.

"ఏం చేసిన్రు మేడం? దమ్ ఖరాబైంది. జోరుగ వాయిస్తుంటె అంతా బురద బురదైతున్నది."

ఆయన చెప్పింది నిజమే. వేగంగా మీటేటప్పుడు ఒక దెబ్బ మోత ఆరకముందే రెండోది వచ్చి పడితే, రెండూ కలిసి బురదే అవుతుంది. మిగతా పార్టీలవాళ్లూ అదే మాట అన్నారు. సార్ నన్ను పిలిచి, బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు కెలికావని కోప్పడ్డాడు. "పాత దమ్ పాతట్లనే వెట్టు" అని ఆజ్ఞ ఇచ్చాడు. నేను ఒక లైను తీసేశాను. కొత్త వెర్షన్‌తో పంపే కాగితంలో "దమ్ నాబ్ పనితీరు పునరుద్ధరించబడింది" అని రాసింది ఫర్హానా. మర్నాడు మల్లేశన్న నుంచి మెసేజ్ వచ్చింది. ఇప్పుడు అసలు దమ్ వచ్చిందట.

ఉద్యోగం మానేసేటప్పుడు నా స్థానంలో వచ్చిన అమ్మాయికి పని అప్పగించాను. సస్టెయిన్ నాబ్ దేనికీ కలిపి లేదక్కా, మరిచిపోయారా అని అడిగింది. మరిచిపోలేదని, కలపొద్దని చెప్పాను.

ఆ జమిడిక నాకు నేర్పింది ఇది. మీటే వాయిద్యానికి ఎన్వలప్ ఎంత జాగ్రత్తగా గీసినా, శబ్దం ఆకారం వరకే ప్రోగ్రామర్ చేతిలో ఉంటుంది. దెబ్బ ఎంత బలంగా పడాలన్నది వాయించేవాడి వేలిలో ఉంటుంది. ఆ వేలిని కదిలించగలిగిన నాబ్, దేనికీ కలపకపోయినా, పనిచేస్తున్నట్టే లెక్క.

మా ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్ ఎండాకాలంలో కాలిపోతే, ఎలక్ట్రీషియన్ దాని నాబ్‌ను అలాగే వదిలేసి, వైరు నేరుగా ఫ్యాన్‌కు కలిపి వెళ్లాడు. పాప నిద్రపోయే ముందు అత్తమ్మ రోజూ దాన్ని ఐదు నుంచి మూడుకు తిప్పుతుంది. "ఇగ గాలి తగ్గింది, బిడ్డకు సర్ది కాదు" అంటుంది. నేను కూడా ఒకటికి రెండుసార్లు లేచి, మూడు మీదే ఉందో లేదో చూసి వస్తాను.