పెద్ద బొమ్మ గీయమన్న టీచరు గారు

మొన్న ఆదివారం తెనాలిలో మా లెక్కల టీచరు గారు పోయారు. కబురు విన్నాక ఫోను కింద పెట్టడం కూడా మరిచిపోయాను.

నేను రేపల్లెలో ఒక ఆఫీసులో అటెండరుగా చేసేవాణ్ణి. పల్లెటూరి బడిలో తొమ్మిదితో ఆగిన చదువు. పదో తరగతి ప్యాసైతే రికార్డు అసిస్టెంటు ప్రమోషను వస్తుంది. అన్నీ గట్టెక్కాయి, లెక్కలు మిగిలాయి. ఆ ఏడు తప్పితే, మళ్లీ రాసినా ప్రమోషను అందేంత సర్వీసు మిగలదు. అందుకని ఆదివారాలు రైలెక్కి ఆవిడ ట్యూషనుకు వెళ్లాను. నాకు యాభై అయిదు. చాప మీద నలుగురు పదిహేనేళ్ల పిల్లలు.

నేను సిగ్గుతో గోడ వారగా జరుగుతుంటే, ఆవిడ మా అయిదుగురి వయసులూ బోర్డు మీద వేశారు.

"సగటెంత?"

"ఇరవై మూడు టీచర్! తాతగారొచ్చి మమ్మల్ని ముసలోళ్లని చేశారు," అంది ఒక పిల్ల.

"మధ్యగతం?"

ఆ పిల్ల వరసలో నడిమి అంకె చూసింది. "పదిహేనేనండి."

"చూశారా అన్నయ్య గారూ, మీరొచ్చినా అది కదల్లేదు. మీరూ కదలకుండా కూర్చోండి."

కాగితం పొదుపు చేయడం ఆఫీసులో నాకు అలవాటైపోయింది. బొమ్మలు పేజీ మూలన చిన్నగా గీసేవాణ్ణి. గీతలు ఒకదాని మీద ఒకటి పడి, ఎక్కడ కలిశాయో తెలిసేది కాదు. "కాగితం మీ ఆఫీసుదా? పెద్ద బొమ్మలో తప్పు దాక్కోలేదండి," అనేవారు.

పరీక్ష బాపట్లలో. బయటి బిందువు నుంచి వృత్తానికి స్పర్శరేఖలు గీయమన్నారు. కంగారులో మళ్లీ చిన్నగానే గీశాను, అదీ చివరి పేజీ అడుగున. గీత వృత్తాన్ని తాకి ఊరుకోకుండా లోపలికి కోసుకుపోయింది. కొట్టేశాను. ఇక చోటు లేదు. ఆ లెక్క వదిలేస్తే తప్పుతానని తెలుసు. కాగితం అడగాలంటే సిగ్గు. హాలంతా పిల్లలే. గంట కొట్టే వేళవుతోంది. లేచి నిలబడ్డాను.

"ఏంటండీ, అయిపోయిందా?" అన్నారు కాపలా ఉన్న మేష్టారు.

"లేదండి. ఇంకో కాగితం కావాలండి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పేజీ నిండా గీశాను. ఈసారి గీత తాకీ తాకనట్టు తాకి వెళ్లిపోయింది.

రిటైరయ్యేదాకా రికార్డుల గదిలో కూర్చుని పనిచేశానంటే ఆవిడ చలవే.

ఫలితాలొచ్చిన రోజు తెనాలి వెళ్లి, గుమ్మంలో నిలబడి, "ప్యాసయ్యానండి. స్పర్శరేఖల లెక్క పేజీ నిండా గీశాను," అన్నాను. మార్కులు అడగలేదు. నా చేతిలో సుద్దముక్క పెట్టి, "ఆ లెక్క వీళ్లకి చెప్పండి," అన్నారు. నేను వద్దనేలోపే వెళ్లి చాప మీద పిల్లల మధ్య సర్దుకుని కూర్చున్నారు. కొంగు భుజం చుట్టూ లాక్కుని, తలెత్తి, నల్లబోర్డు వైపు చూస్తూ.